వెదురు గాలపు కర్రకు వార్నిష్: మెరుపు చూసి మోసపోకండి

మన కాలువ గట్ల మీద గాలపు కర్ర విరిగితే పొదలోంచి ఇంకోటి నరుక్కుంటారు. దానికి వార్నిష్ ఎవరూ పూయరు, పూయక్కర్లేదు కూడా. ఇక్కడ చెప్పేది అమెరికా, ఇంగ్లండ్ వాగుల్లో ట్రౌట్ చేపల కోసం వాడే బద్దల కర్ర సంగతి. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెరిగే టోంకిన్ వెదురును నిలువునా చీల్చి, ఒక్కో బద్దను మూడు పలకలు ఉండేలా చిత్రిక పట్టి, ఆరింటిని జిగురుతో అతికిస్తే ఒక కర్ర తయారవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లియనార్డ్ ఈ పనికి పెద్ద పేరు తెచ్చాడు. చేత్తో చేసిన కొత్త కర్ర ఇప్పుడు వెయ్యి డాలర్లు దాటుతుంది. అంత ఖరీదైన వస్తువును చాలామంది పాడుచేసుకునేది దాన్ని కాపాడబోయే!

అపోహ: వార్నిష్ దట్టంగా వేస్తే కర్రకు బలం వస్తుంది.

రాదు, బరువు మాత్రం పెరుగుతుంది. వెదురు బలమంతా బయటి చర్మం కింద దట్టంగా ఉండే నారలో ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ ఆ నార పలచబడుతుంది. అందుకే పనివాళ్లు బద్దను లోపలివైపు నుంచే చెక్కుతారు, బయటి నారను వీలైనంతవరకు ముట్టుకోరు. పాత కర్ర కొన్నవాళ్లు శాండ్‌పేపర్ తీసుకుని పసుపచ్చగా తేలేదాకా రుద్దితే పోయేది ఆ నారే. ఆ పైన నాలుగైదు పూతలు వేస్తే పుల్లలాంటి సన్నటి కొస బరువెక్కి, విసిరినప్పుడు కర్ర మందకొడిగా ఊగుతుంది. వార్నిష్ చేయాల్సిన పని ఒక్కటే: తేమ రాకపోకలకు అడ్డుపడటం. దానికి పలచటి పూతలు రెండో మూడో చాలు.

అపోహ: నూనె పట్టిస్తే లోపలిదాకా ఇంకి కాపాడుతుంది.

ముందు ఏ నూనె అన్నది చూడాలి. కొబ్బరినూనె, ఆముదం ఎన్నాళ్లున్నా ఆరవు, దుమ్ము పట్టి జిడ్డుగా మిగులుతాయి. అవిసె నూనె, టంగ్ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి కాబట్టి పనికొస్తాయి. అయితే అవి కూడా పక్కల నుంచి లోపలికి పెద్దగా పోవు. కలపలో అడ్డంగా సాగే కణాల వరసలు ఉంటాయి, వెదురులో అవి లేవు. కణుపుల దగ్గర తప్ప నీటి గొట్టాలన్నీ నిలువుగానే ఉంటాయి. కాబట్టి ద్రవం ఏదైనా పక్కల నుంచి కాకుండా కోసిన కొసల నుంచే బాగా లోపలికి వెళుతుంది. నీళ్లకూ అదే దారి. లోహపు జాయింటు తొడిగే చోట, గాలపు దారం పోయే చివరి రింగు అమర్చే చోట కోసిన ముఖాన్ని ముందే వార్నిష్‌తో మూయకపోతే మిగతా కర్ర అంతా అద్దంలా మెరిసినా లాభం లేదు. నిజంగా లోపలికి ఎక్కించాలంటే ఫ్యాక్టరీ పని చేయాలి. 1940ల్లో వెర్మాంట్‌లోని ఓర్విస్ కంపెనీలో వెస్ జోర్డన్ బేకలైట్ తరహా రెసిన్‌ను వెదురులోకి పట్టించే పద్ధతి తెచ్చాడు. అలాంటి కర్రలకు పైన వార్నిష్ అక్కర్లేదు, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

పుచ్చు పురుగు సంగతీ ఇలాంటిదే, పైపూతతో ఆగదు. పురుగు వచ్చేది వెదురులోని పిండి పదార్థం కోసం. లోపల చేరిన పురుగు పైన ఎంత వార్నిష్ ఉన్నా బెజ్జం చేసుకుని బయటికొస్తుంది. కోసిన వెదురును కొన్ని వారాలు చెరువు నీళ్లలో నానబెట్టే మన పాత అలవాటు ఇంతకంటే నయం.

అపోహ: ఎంత గట్టి పూత అయితే అంత మంచిది.

గాలపు కర్ర బల్ల కాదు, రోజంతా వంగుతూ లేస్తూ ఉంటుంది. తనతోపాటు వంగని పూత పగులుతుంది, ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి. పడవ తెరచాప కొయ్యలకు వాడే స్పార్ వార్నిష్ ఎండకూ వంపుకూ ఓర్చుకుంటుంది, నా ఓటు దానికే. పాలీయురెథేన్ చెడ్డదేమీ కాదు, చాలామంది వాడుతున్నారు. కాకపోతే గీత పడ్డప్పుడు ఆ ఒక్కచోట అతుకు కనపడకుండా సరిచేయడం కష్టం. ఏటికొప్పాక బొమ్మల మీద లక్క నిగనిగలాడుతుంది కదా అని లక్క పాలిష్ ఎంచుకోకండి. తడి నిలిస్తే అది తెల్లబడుతుంది.

అపోహ: బ్రష్ మంచిదైతే పని అయిపోయినట్టే.

బ్రష్ కంటే గది ముఖ్యం. దుమ్ము లేవకూడదు, ముసురు రోజు అయి ఉండకూడదు. పెద్ద పనివాళ్లు పొడవాటి గొట్టంలో వార్నిష్ నింపి, కర్రను అందులో ముంచి, చిన్న మోటారుతో నిమిషానికి కొన్ని అంగుళాల చొప్పున పైకి లాగుతారు. దారం పోయే రింగు వార్నిష్ పైకి తేలగానే ఆపి, దాని కాళ్ల సందులో నిలిచిన వార్నిష్ కిందికి జారిపోయాకే మళ్లీ కదిలిస్తారు. లేకపోతే ఆ చుక్క కారి పొడవాటి మరక అవుతుంది. ఇంట్లో అయితే వేలి కొసతో పలచగా రాయడం బ్రష్ కంటే సులువు. పూతకూ పూతకూ మధ్య సన్నటి శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేంతవరకే రుద్దాలి. ఆరిందో లేదో తెలియాలంటే ముక్కు దగ్గర పెట్టి చూడండి. వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదని అర్థం. జాయింటు లోపల మాత్రం చుక్క కూడా పడకూడదు.

అపోహ: వార్నిష్ ఉంది కాబట్టి తడిసినా ఫర్వాలేదు.

తడి కర్రను అల్యూమినియం గొట్టంలో పెట్టి మూత బిగించడం దాన్ని చంపడమే. పూత పొంగుతుంది, కర్ర వంకరపోతుంది. తుడిచి, నీడలో వేలాడదీసి, మర్నాడు పెట్టండి.

అపోహ: కొత్త వార్నిష్ వేస్తే పాత కర్రకు ధర పలుకుతుంది.

పేరున్న పనివాడి కర్ర అయితే తరచుగా జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిడికి కాస్త పైన ఇంకుతో రాసిన పేరూ పొడవూ సాధారణంగా వార్నిష్ కిందే ఉంటాయి. పాత పూత గీకితే ఆ అక్షరాలూ పోతాయి, వాటితోపాటు కొనేవాడూ పోతాడు. గరాజ్ సేల్‌లో అలాంటి కర్ర మీ చేతికొస్తే తెలిసినవాళ్లకు చూపించేదాకా ఏమీ పూయకండి.

పూసేవాళ్లకు ఇంకో మాట. అవిసె నూనె, టంగ్ నూనె, వాటితో చేసిన వార్నిష్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి అగ్గిపుల్ల గీయకుండానే అవి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి పారేయండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.