టర్మ్ చివర డ్రాయింగ్ టీచరు ఏం చేస్తారు?

పరీక్షలు దగ్గరపడగానే టైమ్‌టేబుల్‌లో మొదట మాయమయ్యేది డ్రాయింగ్ పీరియడ్. లెక్కల మాస్టారు అడుగుతారు, హెడ్‌మాస్టరు సరే అంటారు, పిల్లలు ఉసూరుమంటారు. దాతల సాయంతో నడిచే బడులు చాలావాటిలో ఇదే వరస. మేము ఎవరినీ తప్పుపట్టడం లేదు. పదో తరగతి ఫలితాలను బట్టే బడికి విలువ కట్టే లోకంలో ఉన్నాం. కానీ ఇదే నగరం శివార్లలో, లక్షల్లో ఫీజు తీసుకునే అంతర్జాతీయ పాఠశాలల్లో, సరిగ్గా ఆ రోజుల్లోనే డ్రాయింగ్ గది కిటకిటలాడుతుంది. టర్మ్ చివరి నాలుగైదు వారాలే అక్కడి ఆర్ట్ టీచరుకు అసలు పని. ఆ పని ఏమిటో దాతలకు వివరంగా చెప్పడానికే ఈ నాలుగు పేజీలు. అందులో ఎక్కువ భాగానికి పెద్ద ఖర్చు లేదు. ఖర్చు లేనిదానికి కూడా మన పిల్లలు దూరమైపోతున్నారన్నదే మా బాధ.

ముందుగా, అక్కడ ఆర్ట్‌కు అంత మర్యాద ఎందుకో చెప్పుకోవాలి. ఆ బడులు అనుసరించే కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈలో ఆర్ట్ అండ్ డిజైన్ కూడా లెక్కలు, సైన్సులాగా ఒక పరీక్షా విషయం. మార్కుల్లో సగం ఏడాది పొడవునా చేసిన పనికే. మిగతా సగం బోర్డు ఇచ్చిన అంశం మీద వారాల తరబడి సిద్ధమై, చివరకు ఎనిమిది గంటలు పర్యవేక్షణలో కూర్చుని చేసే పనికి. ఐబీ డిప్లొమాలో విజువల్ ఆర్ట్స్ తీసుకున్న విద్యార్థి, చాలా ఏళ్ళు నడిచిన విధానం ప్రకారం, తన బొమ్మలతో ప్రదర్శన పెట్టాలి, ఆ బొమ్మలనే ఎందుకు ఎంచుకున్నాడో రాసివ్వాలి. మొత్తం మార్కుల్లో నూటికి 40 ఆ ప్రదర్శనవే. చిన్న తరగతుల్లో మార్కుల గొడవ లేకపోయినా టీచర్లు అదే అలవాటు చేయిస్తారు.

ఇక పని సంగతి. టర్మ్ ముగియడానికి నెల రోజుల ముందే కొత్త బొమ్మలు ఆపేస్తారు. పిల్లలు తాము అప్పటిదాకా వేసినవన్నీ నేల మీద తేదీల వరసలో పరుచుకుంటారు. వెనక వైపు పేరు, తరగతి, తేదీ రాయించే అలవాటు జూన్‌లోనో ఆగస్టులోనో చేసి ఉంటేనే ఇది కుదురుతుంది. లేకపోతే ఆ గంట అంతా 'ఇది నాది, ఇది నీది' అన్న తగవులకే సరిపోతుంది. పరిచాక టీచరు మూడు ప్రశ్నలు వేస్తారు. నీకు బాగా నచ్చింది ఏది? నిన్ను బాగా ఏడిపించింది ఏది? మళ్ళీ చేయమంటే ఏది మారుస్తావు? ఆ మూడు బొమ్మలు పక్కన పెట్టి, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు రాయమంటారు.

చూడటానికి చిన్న పనే. కానీ బోధనా శాస్త్రం చదువుకున్న వాళ్ళం కాబట్టి ఒక మాట చెప్పగలం: ఆ గంటలో పిల్లవాడు తన పనిని తానే దిద్దుకుంటున్నాడు. మామూలుగా దిద్దేది మేము, ఎర్ర సిరాతో. జూన్‌లో వేసిన చెట్టును మార్చిలో వేసిన చెట్టు పక్కన పెట్టి చూసుకున్న పిల్ల, తాను ఎదిగానని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటుంది. ఏ ప్రోగ్రెస్ కార్డూ ఇంత స్పష్టంగా ఆ సంగతి చెప్పలేదు. పైగా, ఎందుకు ఎంచుకున్నావో రాయమంటే రాసే రెండు వాక్యాలు భాష పాఠం కూడా. తెలుగులో రాస్తే తెలుగు, ఉర్దూలో రాస్తే ఉర్దూ.

తర్వాత గోడ. ప్రదర్శన అంటే మన బడుల్లో జరిగేది దాతలకు తెలిసిందే: ముఖ్య అతిథి, శాలువా, ముగ్గురికి బహుమతులు, మిగతా పిల్లల బొమ్మలు కట్ట కట్టి బీరువా పైన. కొన్నిచోట్ల గోడకు ఎక్కే బొమ్మల్లో సగం పెద్దవాళ్ళు దిద్దినవే ఉంటాయి, నమూనాలు దుకాణంలో కొన్నవి ఉంటాయి. అలాంటి ప్రదర్శన పెట్టడం కంటే మానేయడం మేలని మా అభిప్రాయం. మంచి ఆర్ట్ టీచరు పాటించే నియమం ఒకటే: ప్రతి పిల్లవాడి బొమ్మ ఒక్కటైనా గోడ మీద ఉండాలి, అది అతను ఎంచుకున్నదే కావాలి. బొమ్మలు పిల్లల కంటి ఎత్తులో పెడతారు. మనం పెద్దల ఎత్తులో కొట్టి, పిల్లల్ని మెడలెత్తి చూడమంటాం. ఒక తాడు, బట్టల క్లిప్పులు ఉంటే మేకుల అవసరం కూడా లేదు.

ప్రదర్శన రోజు టీచరు మాట్లాడరు. బొమ్మ పక్కన పిల్ల నిలబడి అమ్మీకి, అబ్బాకు, చుట్టాలకు తానే చెబుతుంది. తల్లిదండ్రులకు కూడా ముందుగానే ఒక మాట చెప్పి పంపుతారు: 'బాగుంది' అని ఊరుకోవద్దు, 'ఇది మొదట ఎలా ఉండేది, ఎక్కడ మార్చావు?' అని అడగండి. ఆ ప్రశ్న వేయడానికి తల్లికి చదువు రావలసిన పని లేదు. పేరెంట్స్ మీటింగ్ అంటే ఫీజు బాకీ గురించి వినడానికే అనుకునే తల్లులు మన దగ్గర తక్కువేమీ కాదు. వాళ్ళను బడికి రప్పించడానికి ఇంతకంటే మంచి దారి మాకు కనిపించలేదు.

ఇక్కడ ఒక సంకోచం గురించి మాట్లాడాలి. ప్రాణుల బొమ్మలు గీయడం కొన్ని కుటుంబాలకు ఇష్టం ఉండదు. అది వాళ్ళ నమ్మకం. ఆ పేరుతో పిల్లను తరగతి బయట కూర్చోబెట్టాల్సిన పని లేదు. అసలు ఆ అభ్యంతరానికి జవాబు మన నగరం గోడల మీదే ఉంది. మనం నిత్యం తిరిగే బషీర్‌బాగ్‌కు ఆ పేరు వచ్చింది బషీరుద్దౌలా సర్ ఆస్మాన్ జా వల్ల. 1887లో నిజాం ప్రభుత్వానికి ప్రధానమంత్రి అయిన పాయిగా నవాబు ఆయన. ఇక్కడ ఆయన కట్టించుకున్న మహల్ ఇప్పుడు లేదు కానీ, పాతబస్తీ అవతల పాయిగా సమాధుల్లో ఆయన సమాధి ఉంది. అక్కడి జాలీ పనిలో మనిషి బొమ్మ లేదు, జంతువు లేదు. ఉన్నది గీతలు, పూలు, నక్షత్రాలు. చార్మినార్ దగ్గర, ముహమ్మద్ కులీ కుతుబ్ షా కాలపు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల రంగు పలకలు చూసినవారికి ఇంకా చెప్పనక్కర్లేదు.

టర్మ్ చివర చేయించదగ్గ పనుల్లో మాకు అన్నిటికంటే నచ్చింది ఇక్కడి నుంచే వస్తుంది. ఆరో తరగతి పైవాళ్ళు ఎవరైనా చేయవచ్చు. కావలసింది జామెట్రీ బాక్సు, తెల్ల కాగితం, రంగు పెన్సిళ్ళు. వృత్తలేఖినిని 7 సెంటీమీటర్లకు తెరిచి వృత్తం గీయాలి. అదే కొలత మార్చకుండా, అంచు మీద ఒక చోట నుంచి మొదలుపెట్టి గుర్తులు వేసుకుంటూ పోతే సరిగ్గా ఆరు గుర్తులకు మొదటి చోటికే వచ్చేస్తాం. వరసగా కలిపితే షడ్భుజి. ఒకటి విడిచి ఒకటి కలిపితే రెండు త్రిభుజాలు ఒకదానిపై ఒకటి పడి ఆరు కొనల నక్షత్రం. ఒక ఏ4 కాగితంలో ఇలాంటి షడ్భుజులు రెండు పడతాయి.

అసలు కిటుకు తర్వాత ఉంది. షడ్భుజి ప్రతి భుజానికి మధ్య బిందువు గుర్తించి, లోపల ఎవరి ఇష్టం వచ్చిన అల్లిక వాళ్ళు వేసుకోవచ్చు, కానీ గీతలు ఆ మధ్య బిందువుల దగ్గరే బయటికి రావాలి అని నియమం పెడతారు. ముప్పై మంది ముప్పై రకాలుగా వేసి, కత్తిరించి, గోడ మీద పక్కపక్కన అంటిస్తే ఒకరి గీత పక్కవాడి గీతలోకి పోతుంది. షడ్భుజులు సందు లేకుండా అమరుతాయి కాబట్టి గోడంతా ఒకే తివాచీలా కనబడుతుంది. ఒక పిల్లవాడి కొలత రెండు మిల్లీమీటర్లు తప్పితే ఖాళీ కనిపించి తీరుతుంది. అప్పుడు టీచరు ఏమీ అనరు. పక్కవాళ్ళే 'నీది మళ్ళీ గీయి' అంటారు, వాడూ మారు మాట్లాడకుండా గీస్తాడు. పీరియడ్ అడిగి తీసుకున్న లెక్కల మాస్టారిని కూడా ఆ రోజు పిలవాలి. ఆయన పాఠమే అది.

బొమ్మలు దించిన తర్వాత చేసే పనిని ఎవరూ ఫొటో తీయరు. అంతర్జాతీయ పాఠశాలల్లో అదీ పిల్లల చేతే చేయిస్తారు. బ్రష్షులు సబ్బుతో కడిగి, కుచ్చు వేళ్ళతో సరిచేసి, కుచ్చు పైకి ఉండేలా డబ్బాలో నిలబెట్టాలి. తలకిందులుగా పెడితే జూన్ నాటికి అవి చీపుళ్ళే. మూతలు ఊడిన రంగుసీసాలు వేరు చేయాలి. మట్టిపని ఉన్న చోట ఎండిన ముక్కలు పారేయరు. నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక పైనీరు తీసేసి, ఆరబెట్టి, మళ్ళీ పిసికి సంచిలో కడతారు. కాల్చవలసిన వస్తువు పూర్తిగా ఆరిందా అని చూడడం టీచరు బాధ్యత. లోపల తడి ఉంటే బట్టీలో పగిలి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. చివరకు స్టాకు రిజిస్టరు, వచ్చే ఏడాదికి ఇండెంటు. ఒక్కో పిల్ల మూడు బొమ్మలు ఫైల్లో దాచి మిగతావి ఇంటికి పంపుతారు. ఆ ఫైలు పిల్లతో పాటు పై తరగతికి వెళ్తుంది.

శాంతినికేతన్ కళాభవన్ విద్యార్థుల నందన్ మేళా గురించి దాతలు వినే ఉంటారు. ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో, నందలాల్ బోస్ పుట్టినరోజుకు ముందు, విద్యార్థులూ అధ్యాపకులూ తాము చేసినవి అమ్మకానికి పెడతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది. మన పిల్లలు చేసిన ఈద్ కార్డులు, షడ్భుజుల పలకలు అలా అమ్మవచ్చునా అని అడిగినవారు ఉన్నారు. చేయవచ్చు, కానీ గోడ మీద బొమ్మకు ధర చీటీ అంటించవద్దు. అమ్మేవి వేరుగా చేయించాలి.

ఇంతకీ మన బడుల్లో ఇది చేసేది ఎవరు? విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం వందకు పైగా పిల్లలున్న 6–8 తరగతుల బడికి కళా విద్యకు ఒక పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. మన రాష్ట్రంలో కళా, సాంస్కృతిక విద్యకు గ్రేడ్లు కూడా ఇస్తాం. కానీ టీచరు లేని చోట ఆ గ్రేడును క్లాస్ టీచరు ఊహించి వేస్తారు. డ్రాయింగ్ టీచరు కావడానికి దారి మరీ కష్టమైనది కాదు. ప్రభుత్వ పరీక్షల విభాగం నడిపే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సులో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు ఉన్నాయి. ఆ తర్వాత వేసవిలో 42 రోజుల శిక్షణ ఉంటుంది. చేతి పని తెలిసి, పై చదువు ఆగిపోయిన ఆడపిల్లలు మన బస్తీల్లో ఎందరో. వాళ్ళలో ఒకరిద్దరికి ఆ పరీక్షల ఫీజు, సామాను, రానుపోను ఖర్చు పెట్టుకుంటే రెండు మూడేళ్ళలో ఒక బడికి టీచరు దొరుకుతుంది. నోటు పుస్తకాలకు ఇచ్చే విరాళాల పక్కన దీనికీ ఒక ఖాతా తెరవమని మా విన్నపం.

అంతవరకు ఆగలేని వారికి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల్ భవన్ ఉంది, బషీర్‌బాగ్ నుంచి దగ్గరే. వచ్చే మార్చికి మాత్రం మేము అడుగుతున్నవి ఇవి: ప్రతి బడికి రెండు కట్టల డ్రాయింగ్ షీట్లు, తాడు, నాలుగు డజన్ల క్లిప్పులు, తాళం వేసే బీరువా ఒకటి, పరీక్షల ముందు వారానికి రెండు పీరియడ్లు ఎవరికీ ఇవ్వనని హెడ్‌మాస్టరు మాట. ప్రదర్శనకు దాతలు కూడా రావాలి. కుర్చీలు వేయం. బొమ్మ దగ్గర నిలబడ్డ పిల్లను, ఇది మొదట ఎలా ఉండేదో అడగండి.