కడుపులోని కావలివారు



జహీరాబాదు దాటి బొంబాయి రహదారిపై పడమరగా పోయినచో కర్ణాటక సరిహద్దు చేరువ చిరాగ్‌పల్లి వచ్చును. అటువంటి ఊళ్లలో వానకాలపు మొదట వాంతులు, విరేచనములు పొడసూపినప్పుడు పెద్దలు నన్ను వేయు ప్రశ్న ఒకటి కలదు. "ఊరందఱము ఒకే ట్యాంకు నీరు త్రాగితిమి గదా, కొందఱికే ఏల ఈ జబ్బు?" ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

నీరే మొదటి కారణమనుటలో సందేహము లేదు. 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ వీథి పంపు నీటికిని కలరాకును గల సంబంధమును చూపెను. 1884లో రాబర్టు కాక్ కలకత్తాలో ఒక చెఱువు నీట ఆ క్రిమిని గుర్తించెను. అంతదూర మేల? మన హైదరాబాదులోనే 2009 మే నెలలో భోలక్‌పూరున త్రాగునీట మురుగు కలియగా ఎందఱో ఆసుపత్రుల పాలైరి, కొందఱు మరణించిరి.

అయినను క్రిమి నోట బడినంతనే జబ్బు చేయదు. జీర్ణాశయములో ఊరు ఘాటైన ఆమ్లము అన్నమరుగుటకే కాదు, వాకిట నిలిచిన కావలివాడు కూడ. అమెరికాలో 1970 ప్రాంతమున, తమంతట తాము ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులకు కలరా క్రిములను త్రాగించి పరీక్షించిరి. ఉత్తనీటితో త్రాగినవారికి జబ్బు చేయుటకు పదికోట్లు, అంతకు మించిన క్రిములు కావలసివచ్చెను. వంటసోడాతో ఆమ్లమును విఱిచిన పిమ్మట పదిలక్షలే చాలెను. జిగట విరేచనముల క్రిమి మాత్రము మొండిది, ఆమ్లమునకు జంకదు. నూఱు క్రిములున్నను చాలును. కావుననే అది కడుగని చేతులనుండియే ప్రాకును.

ఇప్పుడు పరగడుపున గ్యాసు బిళ్ళ వేసికొననిదే కొందఱు పెద్దలకు తెల్లవాఱుట లేదు. ఆ బిళ్ళ చేయు పని ఆమ్లమును ఊరనీయకుండుటయే! వానిని వాడువారికి సాల్మొనెల్లా, కాంపిలోబాక్టరు అను పేగుక్రిములు సోకు అవకాశము హెచ్చని పలుదేశముల పరిశీలనలలో కనబడినది. పుండు ఉన్నదనియో, గుండెకై ఆస్పిరిన్ వాడుచున్నందుననో వైద్యుడు వ్రాసియిచ్చిన బిళ్ళను మానుడని నేను చెప్పుట లేదు. దుకాణమున అడిగి తెచ్చుకొని ఏండ్ల తరబడి మ్రింగునవే నాకు గిట్టనివి.

రెండవ కావలి పెద్దపేగులో నున్నది. అచట కోటానుకోట్ల మేలుచేయు క్రిములు కాపురముండును. పైరు దట్టముగా నున్న చేనిలో కలుపునకు చోటెక్కడిది? భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున పనిచేసిన అమెరికా ప్రయోగశాలనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. ఆ తీరు యాంటీబయాటిక్ మందులు లెక్కలేనన్ని ప్రాణములు కాచినవి. కాని జలుబునకును, ఒళ్లునొప్పులకును రెండుమూడు బిళ్ళలు మ్రింగినచో జబ్బునకు ఫలము లేకపోగా లోపలి పైరు మాడును. అట్లు ఖాళీయైన చోట క్లాస్ట్రిడియం డిఫిసీల్ అను క్రిమి పెరిగి పేగులను పుండుచేయునని 1978లో తేలినది. ఆసుపత్రులలోనే సోకునని తలచిన ఈ జబ్బు, ఆసుపత్రి గడప త్రొక్కనివారికిని వచ్చుచున్నది. అఱువదియైదేండ్లు దాటినవారికి అపాయము మఱింత ఎక్కువ. కరోనా దినములలో మనము అలవాటు చేసికొన్న చేతిమందునకు ఈ క్రిమి పెంకు కరగదు. సబ్బు రుద్ది ధారగా నీరు పోసికొని కడిగిననే పోవును.

విరేచనములు మొదలైనచో కాచి చల్లార్చిన లీటరు నీట ఆఱు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి మాటిమాటికి త్రాగవలెను. నెత్తురు పడినను, మూత్రము ఆగినను, జ్వరము తగిలినను జాగు చేయక వైద్యుని కడకు పొండు. గడచిన మూడు నెలలలో మ్రింగిన బిళ్ళల ఖాళీ అట్టలను వెంట తీసికొనిపొండు. ఆయన అడుగక పోయినను మీరే చూపుడు.