గ్రంథాలయాలకు ప్రజలే పెట్టని కోట
(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ప్రతి సంవత్సరం నవంబరు 14 నుంచి 20వ తేదీ వరకు దేశమంతటా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. తొలి రోజు బాలల దినోత్సవం కూడా కావడంతో పాఠశాలల్లోనూ, గ్రంథాలయాల్లోనూ సందడి నెలకొంటుంది. ఈ తేదీ వెనుక ఒక తెలుగువాని కృషి ఉంది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభను సమావేశపరచినవారు అయ్యంకి వెంకటరమణయ్య. ఆ దినాన్ని పురస్కరించుకొని 1968 నుంచి గ్రంథాలయ దినోత్సవం జరుపుకోవడం ఆనవాయితీగా వస్తోంది.

తెలుగునాట గ్రంథాలయోద్యమం ప్రభుత్వ ఉత్తర్వుతో ఆరంభమైనది కాదు. దానిని ప్రజలే ఆరంభించారు. చట్టం, సెస్సు, జీతభత్యాలు తరువాత వచ్చాయి. నేటికీ చట్టం కల్పించిన ఆదాయానికి స్థానికుల సేవ తోడైన చోటనే గ్రంథాలయం కళకళలాడుతోంది. ఈ సేవకు పూనుకొన్నవారు ఎవరు, వారిని అందుకు పురికొల్పినదేమిటి అన్నది తెలుసుకోవడం గ్రంథాలయ నిర్వహణతో సంబంధమున్న వారందరికీ అవసరం.

రాజాశ్రయం లేని ఉద్యమం

భారతదేశంలో ఉచిత పౌర గ్రంథాలయ వ్యవస్థకు బరోడా సంస్థానం ఆదర్శంగా నిలిచింది. మహారాజా శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే నిపుణుని రప్పించి, సంస్థానమంతటా గ్రంథాలయాలను నెలకొల్పజేశారు. ఆంధ్రదేశంలో పరిస్థితి అందుకు భిన్నం. ఇక్కడ మహారాజు లేడు, ఖజానా లేదు. ఊరి యువకులు చందాలు పోగుచేసి, ఎవరో ఒకరి ఇంటి వసారాలోనో, సత్రంలోనో పుస్తకాలు అమర్చి పఠన మందిరాలు నడిపారు.

ఈ చెదురుమదురు ప్రయత్నాలను ఒక్క తాటిపైకి తెచ్చినది 1914 ఏప్రిల్ 10న విజయవాడలో జరిగిన సభ. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించిన ఈ సభలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం రూపుదిద్దుకొంది. దీనికి సూత్రధారి అయిన అయ్యంకి వెంకటరమణయ్య (1890-1979) అప్పటికి పాతికేళ్లు నిండని యువకుడు. గ్రంథాలయాల కోసం 'గ్రంథాలయ సర్వస్వము' అనే పత్రికను ఆయన నడిపారు. పుస్తకాలను సేకరిస్తే చాలదని, వాటిని వర్గీకరించి పాఠకునికి అందించే నేర్పు కూడా కావాలని గుర్తించి, 1920లోనే గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ తరగతులు ఏర్పాటు చేయించారు. కేంద్ర ప్రభుత్వం 1972లో ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

భాష కోసం, అక్షరం కోసం

హైదరాబాదు సంస్థానంలో గ్రంథాలయ సేవకుల తపనకు మరొక కారణం ఉంది. అక్కడ జనాభాలో అధిక భాగం తెలుగువారే అయినప్పటికీ పాలనలోనూ, ఉన్నత విద్యలోనూ తెలుగుకు చోటు లేదు. తమ భాషలో ఒక పుస్తకం, ఒక పత్రిక చదువుకొనే తావు కల్పించడమే అక్కడి పెద్దలకు ప్రథమ కర్తవ్యంగా తోచింది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం హైదరాబాదులో ఆవిర్భవించింది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ప్రభృతులు దీని స్థాపకులు. రంగారావు మరణానంతరం ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మ భాషానిలయం భవనానికి విరాళమిచ్చి భర్త ఆశయాన్ని నిలబెట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది.

గ్రంథాలయం పేరిట నలుగురు కూడడాన్ని సైతం నిజాం ప్రభుత్వం అనుమానంతో చూసిన కాలమది. సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. అయినా కార్యకర్తలు వెనుకంజ వేయలేదు. 'ప్రజల మనిషి' నవలాకర్త వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961) దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను స్వయంగా మోసుకొంటూ ఊరూరా తిరిగి పాఠకులకు చేర్చారు. హోటలులో పనిచేస్తూ చదువు నేర్చుకొన్న ఆయనకు, బడి ముఖం చూడని మనిషికి పుస్తకం ఏమివ్వగలదో అనుభవపూర్వకంగా తెలుసు.

కోస్తా జిల్లాల్లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883-1960) గ్రంథాలయోద్యమాన్ని, వయోజన విద్యను కలిపి నడిపించారు. చదవను, రాయను నేర్చుకొన్న పెద్దలకు ఆ తరువాత చదవడానికి పుస్తకం అందకపోతే నేర్చిన అక్షరాలు మరపున పడతాయి. కనుక వయోజన పాఠశాలకు గ్రంథాలయం కొనసాగింపు కావాలి. రాత్రి బడుల నిర్వహణకు నేటికీ వర్తించే సూత్రమిది.

పాఠకుని వద్దకే పుస్తకం

గ్రంథాలయానికి రాలేని వారి మాటేమిటన్న ప్రశ్నకు గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం చూపిన సమాధానం ఇప్పటికీ ఆశ్చర్యం గొలుపుతుంది. 1935లో ఆయన కృష్ణా పశ్చిమ డెల్టా కాలువపై పడవ గ్రంథాలయాన్ని ప్రారంభించారు. ఆ రోజుల్లో ధాన్యం, మనుషులు, సరుకులు కాలువల మీదుగానే సాగేవి. అదే దారిన పుస్తకాలను పంపితే రోడ్డు లేని ఊళ్లకు సైతం అవి చేరతాయన్నది ఆయన ఆలోచన. నేటి సంచార గ్రంథాలయ వాహనాలకు ఈ పడవే పూర్వరూపమని చెప్పవచ్చు.

వేటపాలెంలోని సారస్వత నికేతనం స్థానిక పోషణకు మరో ఉదాహరణ. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి చొరవతో ఆరంభమైన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేశారు. చేనేతకు, జీడిపప్పుకు పేరొందిన ఆ ఊరు నూరేళ్లకు పైగా ఈ సంస్థను కాపాడుకొంటూ వస్తోంది. మరెక్కడా దొరకని పాత పత్రికల సంచికల కోసం పరిశోధకులు అక్కడికి వెళ్లడం పరిపాటి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను డిజిటల్ రూపంలోకి మార్చిన సంగతి పాత్రికేయులకు తెలిసినదే. దశాబ్దాల పాటు ఆ కాగితాలను చెదలు పట్టకుండా, అమ్ముడుపోకుండా దాచినవారు లేకపోతే స్కానర్లకు పని ఉండేది కాదు.

కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వెనుక జానమద్ది హనుమచ్ఛాస్త్రి (1926-2014) పట్టుదల ఉంది. బ్రౌన్ దొర నివసించిన బంగళా శిథిలమై ఉన్న స్థలంలో ఆయన పేరిట గ్రంథాలయం నిర్మించాలని సంకల్పించిన ఈ ఉపాధ్యాయుడు దాతలను, అధికారులను ఏళ్ల తరబడి కలిసి నిధులు సమకూర్చారు. ఆ గ్రంథాలయం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో భాషా పరిశోధన కేంద్రంగా కొనసాగుతోంది. ఒక వ్యక్తి ఆరంభించిన పనిని ప్రభుత్వ సంస్థ స్వీకరించి నిలబెట్టిన తీరుకు ఇది నిదర్శనం.

చట్టం ఏమి ఇచ్చింది?

దాతల ఔదార్యంపై ఆధారపడిన సంస్థకు ఒక బలహీనత ఉంది. దాత కాలం చేసినా, నిర్వాహకుడు ఊరు విడిచినా తలుపులు మూతపడతాయి. ఉద్యమ పెద్దలు ఇది గ్రహించే చట్టం కోసం పట్టుబట్టారు. డాక్టర్ ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇటువంటి చట్టాల్లో ఇదే మొదటిది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టాన్ని చేసుకొంది. రెండు ప్రాంతాలకు ఉమ్మడిగా 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. ఈ చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. 2014లో రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలోనూ ఇదే విధానం కొనసాగింది.

ఈ చట్టానికి ఆయువుపట్టు గ్రంథాలయ సెస్సు. ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున పంచాయతీలు, పురపాలక సంఘాలు దీనిని వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే 500 రూపాయల ఇంటిపన్ను చెల్లించే కుటుంబం మరో 40 రూపాయలను గ్రంథాలయానికి ఇస్తున్నదన్న మాట. గ్రంథాలయం గడప తొక్కని వారు సైతం తమకు తెలియకుండానే దాని పోషకులు. ఈ సెస్సు స్థానిక సంస్థ సొంత ఆదాయం కాదు. ప్రజలు గ్రంథాలయం కోసమే చెల్లించిన సొమ్ము. అది స్థానిక సంస్థ ఖాతాలోనే నిలిచిపోతే పుస్తకాల కొనుగోలు ఆగిపోతుంది, పత్రికల బిల్లులు పెండింగులో పడతాయి. మొదట నష్టపోయేది పేద పాఠకుడే.

ఈ ఏర్పాటులో మరొక చిక్కు ఉంది. పెద్ద భవనాలున్న పట్టణంలో సెస్సు అధికంగా వస్తుంది. పూరిళ్లు, చిన్న ఇళ్లు ఉన్న గ్రామంలో నామమాత్రంగా వస్తుంది. గ్రంథాలయం అవసరం అధికంగా ఉన్న చోటనే ఆదాయం తక్కువ. జిల్లా సంస్థ నిధి ఈ తేడాను కొంతవరకు సర్దుతుంది. 1972లో ఏర్పడిన కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్రాలతో కలిసి పుస్తకాలు సమకూరుస్తోంది. మిగిలిన లోటును పూడ్చేది స్థానికుల సేవయే.

ఇప్పటి సేవకులు

గ్రామాల్లోని పుస్తక నిక్షిప్త కేంద్రాలను స్వల్ప గౌరవ వేతనంపై స్థానికులే నిర్వహిస్తారు. దినపత్రికలు తీసుకొని, తలుపు తెరిచి, పుస్తకాలను ఇచ్చి పుచ్చుకొనే ఈ వ్యక్తులకు ఆ మొత్తం జీవనాధారం కాజాలదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు తమ సొంత పుస్తకాలను శాఖా గ్రంథాలయాలకు అందజేస్తున్నారు. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం బల్లలు, కుర్చీలు, ఫ్యాన్లు సమకూర్చే కుటుంబాలున్నాయి.

వీరి శ్రద్ధకు కారణాలు వెదకడం కష్టం కాదు. పోటీ పరీక్షల కాలంలో హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం మొదలు జిల్లా కేంద్రాల పఠన మందిరాల వరకు ఉదయం నుంచే అభ్యర్థులతో నిండిపోవడం అందరూ చూస్తున్నదే. ఇంట్లో ప్రత్యేక గది లేని యువతకు, కోచింగు రుసుము చెల్లించలేని యువతకు అక్కడి కుర్చీ, వెలుతురు, నిశ్శబ్దం పుస్తకంతో సమానమైన విలువ గలవి. అక్కడ చదివి ఉద్యోగం పొందినవారు తిరిగి ఆ గ్రంథాలయానికే పుస్తకాలు కొనివ్వడం దయ కాదు, రుణం తీర్చుకోవడం. దినపత్రిక కొనలేని వృద్ధునికి, వేసవి సెలవుల్లో బొమ్మల కథల పుస్తకం కోరే చిన్నారికి కూడా రుసుము లేకుండా, కులం అడగకుండా కూర్చోనిచ్చే చోటు ఊరిలో మరొకటి అరుదు.

అధికారులు గమనించవలసిన అంశాలు

* పన్ను డిమాండు నోటీసులో గ్రంథాలయ సెస్సును ప్రత్యేక పద్దుగా చూపితే తాము దేనికి చెల్లిస్తున్నదీ ప్రజలకు తెలుస్తుంది.

* వసూలైన సెస్సును సకాలంలో సంస్థకు జమ చేయడాన్ని స్థానిక సంస్థల సమీక్షా సమావేశాల్లో ఒక అంశంగా చేర్చడం ప్రయోజనకరం.

* విరాళంగా వచ్చిన పుస్తకాలను దాత పేరుతో రిజిస్టరులో నమోదు చేసి, పాఠకులకు అందుబాటులో ఉంచాలి. దానమిచ్చిన పుస్తకం మూటగానే మూలన పడి ఉండడం చూసిన దాత మళ్లీ ముందుకు రాడు.

* పాత పత్రికలను, అరుదైన గ్రంథాలను పనికిరాని సామగ్రిగా తొలగించే ముందు నిపుణుల అభిప్రాయం పొందడం అవసరం.

* పని వేళలు నిర్ణయించేటప్పుడు కూలిపనికి వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే వారిని, విద్యార్థులను దృష్టిలో ఉంచుకోవాలి.

ఊరిలో గ్రంథాలయ భవనం ఉన్నంత మాత్రాన సేవ అందుతున్నట్లు కాదు. సెస్సు చేరుతోందా, కొత్త పుస్తకాలు వస్తున్నాయా, సాయంత్రం వేళ తలుపులు తెరిచి ఉంటున్నాయా అన్నవి అసలైన కొలమానాలు. వారోత్సవాల వార్తలతో పాటు ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలను పాత్రికేయులు ప్రజల ముందుంచగలిగితే, చెల్లించిన 8 పైసలకు లెక్క అడిగే హక్కు పౌరులకు గుర్తుకు వస్తుంది. గ్రంథాలయానికి నిజమైన రక్షణ అక్కడి నుంచే మొదలవుతుంది.