పెట్టెలోని పేటియాయే పాఠ్యపుస్తకం
లంబాడీల అద్దాల కుట్టుకు మూలం తండాలోనే ఉంది. అమ్ముకుంటే మళ్లీ దొరకదు

దేవరకొండ: శ్రావణమాసంలో తీజ్ పండుగ వచ్చిందంటే తండాల్లో ట్రంకు పెట్టెల తాళాలు తెరుచుకుంటాయి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆ మొలకల చుట్టూ ఆటపాటలు సాగుతాయి. ఏడాది పొడవునా మడతల్లో ఉన్న అద్దాల లంగాలు, గవ్వల రవికలు, వెండి గజ్జెలు అప్పుడే వెలుగు చూస్తాయి. అయితే పెట్టె తెరిస్తే లోపల ఏమీ లేని ఇళ్లు కూడా ఉన్నాయి. పాత లంగా ఎప్పుడో బేరగాడి మూటలోకి చేరింది. పండుగకు బజారులో కొన్న మిషను కుట్టు లంగాతో సరిపెట్టుకుంటున్నారు.

పోయింది ఒక్క గుడ్డే కదా అనుకుంటే పొరపాటు. దానితోపాటు ఆ ఇంటి కుట్టు కూడా పోయింది.

బొమ్మ గీయరు, అచ్చు వేయరు

"ఈ డిజైన్లు మీకు ఎక్కడి నుంచి వస్తాయి?" అని పట్నం వాళ్లు లంబాడీ స్త్రీలను అడుగుతుంటారు. పుస్తకం చూసి కుట్టే అలవాటు వారికి లేదు. పెన్సిలుతో బొమ్మ గీసుకోవడం కూడా లేదు. గుడ్డను నాలుగు మడతలు పెడితే నడిమి చోటు తెలుస్తుంది. అక్కడ అద్దం పెడతారు. దాని చుట్టూ చతురస్రం, చతురస్రం చుట్టూ త్రికోణాలు, అంచున గీతలు. పోగులు లెక్కపెట్టుకుంటూ పోతే గుడ్డ నిండుతుంది.

అద్దానికి చిల్లు ఉండదు. ముందు దాని మీద దారాన్ని అడ్డంగా, నిలువుగా వలలా వేసి గుడ్డకు బిగిస్తారు. తర్వాత ఆ దారాలను పట్టుకుని చుట్టూ కాజా కుట్టు వేస్తారు. అద్దం ఊడిరాదు. చుట్టుపక్కల గొలుసు కుట్టు, పరుగు కుట్టు నడుస్తాయి. ఎరుపు, నీలం, పసుపు, నలుపు గుడ్డల మీద తెల్లదారం మెరుస్తుంది.

ఇదంతా కూతురు తన యాడి, అంటే తల్లి, కుట్టే గుడ్డను చూసి నేర్చుకోవలసిందే. లంబాడీల గోర్ బోలీకి సొంత లిపి లేదు. రాసి దాచడానికి వీలులేని లెక్కను వారు లంగా మీద కుట్టి దాచుకున్నారు. అందుకే పాత పేటియా వారికి పాఠ్యపుస్తకంతో సమానం.

దారి పొడవునా దొరికినవే

లంబాడీలు పూర్వం ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ ఊరూరా తిరిగి వర్తకం చేసినవారు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వర్తకం దెబ్బతిన్నది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఇలాంటి సంచార కులాలపై పోలీసు నిఘా పెట్టింది. తర్వాత వారు తండాల్లో స్థిరపడి సేద్యానికి, కూలికి మళ్లారు. బండి ఆగినా సూది ఆగలేదు.

వారి కుట్టులో ఆ ప్రయాణమంతా కనిపిస్తుంది. గవ్వ సముద్రపుటొడ్డు నుంచి వచ్చింది. ఒకప్పుడు గవ్వలే నాణేలుగా చెల్లేవి. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లుకాణీకి నడుమ బెజ్జం ఉండేది కనుక సూదికి అనువుగా కుదిరింది. చిల్లు లేని నాణేనికి కొక్కెం అతికించుకున్నారు. అరిగిన గుడ్డను పారేయకుండా పొరలుగా పేర్చి కుట్టి సంచులు చేసుకున్నారు. నీళ్ల బిందె కింద పెట్టుకునే కుదురును కూడా వదలక గవ్వలతో, కుచ్చులతో అలంకరించారు. అద్దం దిష్టిని తిప్పికొడుతుందని పెద్దల నమ్మకం.

గుడ్డకొక తీరు, నగకొక తీరు లేదు. లంగాను పేటియా అంటారు. వీపు వైపు తాళ్లతో కట్టుకునే రవిక కాంచ్లీ. తలమీది ముసుగు టుక్రీ. చెంపలకు ఇరువైపులా జుట్టు నుంచి వేలాడే వెండి ఘుగ్రీ, టోప్లీ పెళ్లయిన స్త్రీకి గుర్తు. మోచేతి పైదాకా వేసుకునే గాజులు బలియా. అవి ఒకప్పుడు ఏనుగు దంతంతో చేసినవి. దంతపు వ్యాపారం నిషేధించాక ప్లాస్టిక్ గాజులే దిక్కయ్యాయి. గుడ్డ అంచున వేలాడే గవ్వల కుచ్చులు, చెంపల దగ్గర వేలాడే వెండి గజ్జెలు చూస్తే రెండూ ఒక్క కంటితో చేసినవని తెలుస్తుంది.

తూకానికే ధర, పనికి లేదు

ఈ దుస్తులు రోజూ వేసుకోవడం తగ్గిపోవడానికి కారణాలు లేకపోలేదు. అద్దాలు, నాణేల బరువుతో ఎండలో నాట్లు వేయడం కష్టం. బడికి వెళ్లే పిల్లకు ఆ వేషం ఇబ్బంది. బస్సులో వింతగా చూస్తారు. పూర్తి జత కుట్టాలంటే నెలలు పడుతుంది. అందుకని చీర కట్టుకున్న కోడలిని తప్పుపట్టడం న్యాయం కాదు.

అసలు నష్టం అమ్మకంలో ఉంది. కరువులో, ఆసుపత్రి ఖర్చులో వెండి తాకట్టుకు పోతుంది. కొట్టువాడు తూకం వేసి, తరుగు తీసి వెండికే ధర కడతాడు. పనితనానికి పైసా రాలదు. కరిగించాక ఆ నమూనా ఉండదు. పాత లంగాలు కొన్నవారు వాటిని ముక్కలుగా కోసి చేతిసంచులకు, నడుముపట్టీలకు, దిండుగలీబులకు అతికించి పట్నాల్లో, విదేశాల్లో అమ్ముతున్నారు. తల్లి కుట్టిన ముక్క మంచి ధర పలికే చోట, కూతురు పరులు ఇచ్చిన బొమ్మ చూసి ముక్కకింత అని కూలికి కుట్టవలసి రావడం విచారకరం. సొంత నమూనా చేతిలో ఉన్న మనిషి బేరం ఆడగలదు. పరుల బొమ్మ కుట్టేవారికి కూలే మిగులుతుంది.

పొరుగు రాష్ట్రం దారి చూపింది

కర్ణాటకలోని సండూరులో లంబాడీ స్త్రీలు కుశల కళా కేంద్రం ద్వారా ఇదే కుట్టుతో సంచులు, దుప్పట్లు, గవ్వల నగలు చేసి అమ్ముతున్నారు. సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. 2023 జూలైలో హంపీలో జి-20 సమావేశం జరిగినప్పుడు అక్కడి స్త్రీలు చేసిన 1,755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శించగా గిన్నిస్ రికార్డు నమోదయింది. పాత కుట్టుతో కొత్త వస్తువు చేయవచ్చని, పేటియా కట్టుకోకపోయినా దాని కుట్టు బతుకుతుందని ఇది రుజువు చేస్తున్నది.

ఒక గుడ్డ, ఒక బీరువా

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పాత లంగా అమ్మక తప్పనప్పుడు, అమ్మే ముందే ఒక మూర గుడ్డ తీసుకుని అందులోని కుట్లన్నీ వరుసగా ఒక్కొక్కటి వేసి పెట్టుకోవాలి. కుట్టు పేరు, పోగుల లెక్క తెలుగు అక్షరాల్లో పక్కనే రాయాలి. ఆ పని బడికి వెళ్లే పిల్లలు చేయగలరు. వెండి నగను కరిగించే ముందు ఫోటో తీయించాలి. కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసుకున్నా మేలే. చూపు బాగున్న ముసలమ్మలు ఉండగానే ఈ పని జరగాలి.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. పంచాయతీ కార్యాలయంలో రికార్డుల బీరువా ఉంటుంది. అందులో ఒక అర ఈ నమూనా గుడ్డలకు కేటాయిస్తే మహిళా సంఘాలకు అదే డిజైన్ల పుస్తకమవుతుంది. సర్పంచులు, సంఘాల నాయకురాళ్లు ఈ తీజ్ నాటికే పని మొదలుపెట్టడం మంచిది. పెట్టె తాళం తీసినప్పుడు లోపల ఇంకా ఏదో ఒకటి మిగిలి ఉండగానే.