పాత విమానం కొనాలంటే: ఒక ఇంజినా, రెండా?

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి లేచిన ఒక సీప్లేన్ శ్రీశైలం పాతాళగంగలో దిగింది. అది డీహావిలాండ్ కెనడా వారి ట్విన్ ఆటర్. రెండు ఇంజిన్లు, 19 సీట్లు. అలాంటి చిన్న విమానాన్ని విశాఖ నుంచి నడపాలనుకునేవారు కొత్తదాని ధర చూసి పాతదాని వైపు తిరుగుతారు. అక్కడ ఒక ఇంజిన్‌ది చాలా, రెండున్నదే కావాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది.

ఇవన్నీ టర్బోప్రాప్‌లు (మండే వాయువులు టర్బైన్‌ను తిప్పితే, ఆ శక్తి గేర్ల ద్వారా ప్రొపెల్లర్‌కు చేరే విమానాలు). సెస్నా కారవాన్, పిలాటస్ పీసీ-12లకు ఒకటే ఇంజిన్. కింగ్ ఎయిర్, ట్విన్ ఆటర్‌లకు రెండు. అయితే ఈ నాలుగింటిలోనూ ఉన్నది ప్రాట్ అండ్ విట్నీ కెనడా తయారుచేసే పీటీ6 కుటుంబపు ఇంజినే. కాబట్టి ఇంజిన్ మంచిదా కాదా అన్నది ఇక్కడ సమస్య కాదు. ఒంటి ఇంజిన్ విమానంలో రాత్రిపూట, మబ్బుల్లో ప్రయాణికులను తీసుకెళ్లాలంటే, లక్ష గంటల్లో ఒకసారికి మించి ఆ తరహా ఇంజిన్ శక్తి కోల్పోకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం పెట్టింది.

ఆ ఒక్కసారి ఎక్కడ వస్తుందన్నదే విశాఖలో అసలు ప్రశ్న. ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు. పది వేల అడుగుల ఎత్తు నుంచి కారవాన్ దాదాపు ముప్పై కిలోమీటర్లు జారుతూ వెళ్లగలదు. రాజమండ్రి వైపు పగటి ప్రయాణమైతే ఆలోపు కోసిన వరి పొలమైనా దొరుకుతుంది. అరకు వైపైతే కింద తూర్పు కనుమలు. చదును నేల అరుదు. పోర్ట్ బ్లెయిర్ వైపు దాదాపు 1,200 కిలోమీటర్లు నీళ్లే. విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగ నుంచి సముద్రం మీద గస్తీ తిరిగే డోర్నియర్‌లకు రెండు ఇంజిన్లుండటంలో ఆశ్చర్యం లేదు.

అలాగని రెండో ఇంజిన్ దానంతటదే కాపాడదు. ఒక పక్క ఇంజిన్ ఆగితే రెండోది విమానాన్ని చచ్చిన ఇంజిన్ వైపు తిప్పేస్తుంది. తోక మీది రడ్డర్‌తో పైలట్ దాన్ని అడ్డుకోవాలి. వేగం ఒక హద్దు కంటే తగ్గితే రడ్డర్‌కు ఆ బలం చాలదు, విమానం పల్టీ కొడుతుంది. టేకాఫ్ తర్వాతి మొదటి క్షణాల్లో ఇది మరీ ప్రమాదం. అందుకే రెండు ఇంజిన్ల విమానం కొన్నవారు పైలట్ల శిక్షణకు ఏటా డబ్బు పక్కన పెట్టాల్సిందే. వాతావరణం కూడా ఇంజిన్లను లెక్కపెట్టదు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తుండగా చెడు వాతావరణంలో కూలిన బెల్ 430 హెలికాప్టర్‌కు రెండు ఇంజిన్లున్నాయి.

ఇక ఖర్చు. కింగ్ ఎయిర్ బీ200 ఇంజిన్‌కు ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) గడువు 3,600 గంటలు. అమ్మకానికి వచ్చిన విమానం అందులో 3,000 గంటలు తిరిగేసి ఉంటే మిగిలింది 600. అదీ రెండు ఇంజిన్లకూ. చవగ్గా వచ్చిన రెండు ఇంజిన్ల విమానం చాలాసార్లు ఇలాంటిదే.

మన తీరంలో మరో ఖర్చుంది, ఉప్పు గాలి. రెక్కల మీద రివెట్ల చుట్టూ రంగు ఉబ్బి, గీకితే తెల్లని పొడి రాలితే ఉప్పు అల్యూమినియాన్ని తినేసిందని అర్థం. ఇంజిన్ లోపలి రెక్కల మీద కూడా ఉప్పు పేరుకుంటుంది. మంచినీటితో తరచూ కడగాలి. ఆ కడిగిన రికార్డు లేకపోతే బేరం అక్కడే ఆపడం మంచిది.

2020 అక్టోబరు 31న గుజరాత్‌లో సబర్మతి–కేవడియా సీప్లేన్ సర్వీసు మొదలైంది. దానికి మాల్దీవుల నుంచి పాత ట్విన్ ఆటర్ తెచ్చారు. నెల తిరక్కుండానే మరమ్మతు కోసం మళ్లీ మాల్దీవులకే పంపాల్సి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో సర్వీసే ఆగిపోయింది. విమానానికి రెండు ఇంజిన్లున్నాయి. కానీ దాన్ని విప్పి బిగించే ఏర్పాటు అప్పట్లో ఇక్కడ లేదు.

సముద్రం మీదికి, లేదా రాత్రిపూట కనుమల మీదుగా వెళ్లాలంటే రెండు ఇంజిన్లే సరి అని నా అభిప్రాయం. తీరం వెంట పగటి సర్వీసులకైతే రికార్డులు శుభ్రంగా ఉన్న ఒంటి ఇంజిన్ విమానమే మేలు. ఏది ఎంచుకున్నా, అడ్వాన్సు ఇచ్చేముందు అమ్మేవారి మనిషితో కాక సొంత ఇంజినీరుతో బోరోస్కోప్ (ఇంజిన్ విప్పకుండా లోపల చూపే సన్నని కెమెరా) పరీక్ష చేయించాలి.