పెదబయలు గిడుగు

వానకాలమున మన్యపు సంతలకు వచ్చువారి తలలను గమనించినచో కొన్నింటిపై నీలిరంగు ప్లాస్టిక్ పరదాలును, కొందరి చేతులలో నల్లగుడ్డ గొడుగులును కనిపించును. ఎక్కడనో ఒకరిద్దరి తలలపై మాత్రము వెదురుతోను ఆకులతోను అల్లిన గిడుగు కనిపించును. గిడుగు అనగా ఆకుల గొడుగే. ఇంటిపేరుగా ఈ మాట తెలుగువారికందరకును తెలిసినదే గాని, వస్తువును చూచినవారు నానాటికి తగ్గుచున్నారు. పెదబయలు ప్రాంతపు ఇండ్లలో దీనిని చేతితో ఎట్లు తయారుచేయుదురో, దానిలో ఏ నేర్పు దాగియున్నదో చెప్పవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

పెదబయలు 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోనిది. ఇప్పుడు పాడేరు ముఖ్యపట్టణముగా గల అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. తూర్పు కనుమల నడుమ, ఒడిషా సరిహద్దునకు చేరువగా ఉన్నది. లోయలలో వరి, వాలులపై చోడి, సామ, వలిసె పండించుదురు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు వాన పట్టినదన్న విడువదు. నాట్లు వేయవలసినది సరిగా ఆ వానలోనే. నాటు వేయు స్త్రీకి రెండు చేతులును బురదలో ఉండును, నడుము వంగి ఉండును. చేతిగొడుగు ఆమెకేమి సాయపడును? పశువులను తోలు పిల్లవానికిని ఒక చేత కర్ర, రెండవ చేత పలుపు తప్పవు. గొడుగు పట్టుటకు మూడవ చేయి లేదు గనుక గొడుగే తలకెక్కినది. గిడుగు పుట్టుకకు ఇంతకుమించిన కారణము వెదకనక్కరలేదని మా అభిప్రాయము.

దీనికి కావలసినవి మూడే: వెదురు, అడ్డాకు, అడ్డనార. అడ్డతీగ మన అడవులలో మహావృక్షములను సైతము చుట్టుకొని పైకి ప్రాకు పెద్ద తీగ. మన్యములో దీని పేరిట అడ్డతీగల అను ఊరే కలదు. దేవకాంచనపు చెట్టు ఆకువలె దీని ఆకు కొన చీలి రెండు రెక్కలుగా ఉండును. అయితే దానికన్న అనేక రెట్లు పెద్దది, జానెడుకు మించి పెరుగును. విస్తళ్లు కుట్టునది దీనితోనే గనుక పట్టణ గృహిణులకును ఇది క్రొత్త కాదు. ఆకు పైభాగము నునుపు, అడుగున మెత్తని నూగు. నీరు జారవలెనన్నచో నునుపు వైపు పైకి ఉండవలెను. తీగ బెరడు నుండి తీసిన నార త్రాళ్లకు పేరుపొందినది. అడవుల పెంపకము చూచువారు మాత్రము ఈ తీగను చెట్లకు శత్రువుగా నెంచి పలుచోట్ల నరికించిరి. గిడుగు చేయువానికి ప్రాణమైనది అడవి లెక్కలలో కలుపుమొక్క!

వెదురు విషయమున తొందర పనికిరాదు. మరీ లేతది ఎండగానే ముడుచుకొనును. మరీ ముదిరినది చీల్చునపుడు విరుగును. నడివయసు బొంగును కోసి, కణుపులు చెక్కి, నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగమును తీసివైచి, పైతోలు వైపు బద్దలను మాత్రమే ఉంచుకొందురు. వెదురు బలమంతయు ఆ పైతోలు దగ్గరనే ఉన్నది. లోపలి భాగమున పిండిపదార్థము ఎక్కువ. పుచ్చు పట్టించు పురుగు దానికొరకే వచ్చును. బద్దలను కొన్ని దినములు నీట నానవేసినచో ఆ పిండి కొంత కరగిపోవును, బద్దయు వంగుటకు అనుకూలపడును.

ఇక అల్లిక. ఇక్కడ శ్రోతలు కొంచెము నిదానింపవలెను. బుట్టలో బద్దలు నిలువుగాను అడ్డముగాను రెండు దిక్కులనే పోవును. గిడుగులో మూడు దిక్కులకు పోవును. మూడు దిక్కుల బద్దలు ఒకదానిపై నొకటి, ఒకదానిక్రింద నొకటిగా పోవుటచే నడుమ తేనెపట్టువలె ఆరు మూలల కన్నులు ఏర్పడును. ఇట్లు పెనవేసుకొన్న బద్ద ప్రక్కకు జారదు. ముడి అక్కరలేదు, మేకు అక్కరలేదు. కొద్ది బద్దలతో పెద్ద వైశాల్యము కప్పబడును గనుక బరువు తక్కువ.

కాని ఆరు మూలల కన్నులే వరుసగా అల్లుచు పోయినచో అది చాపవలె చదునుగా నుండును, తలకు పట్టదు. అందులకు ఉపాయమేమనగా, నడినెత్తి వచ్చు చోట ఆరు బద్దలకు మారుగా అయిదింటితోనే కన్ను కట్టవలెను. ఒక బద్ద తగ్గుటతో అల్లిక దానంతటదే పైకి లేచి గోపురమగును. అయిదు మూలల కన్నులు ఇంకను చేర్చినకొలది లోతు పెరుగును. ఎక్కడనైన ఏడు బద్దలు పడినచో అంచు అలలుగా విచ్చుకొనును. గణితశాస్త్రజ్ఞులు వంకరతలముల గూర్చి పుస్తకములలో వ్రాసినది ఇదియే. బద్దలను వ్రేళ్లతో లెక్కించుచు పోవు చేతికి ఆ పుస్తకముతో పనిలేదు.

పాశ్చాత్యుల ఫెల్టు టోపీతో పోల్చి చూచిన ఈ భేదము చక్కగా తెలియును. అందు అల్లికయే లేదు. ఉన్ని వెండ్రుకకు చేప పొలుసుల వంటి సన్నని పొలుసులుండును. వేడినీట తడిపి నలిపినకొలది అవి ఒకదానికొకటి చిక్కుకొని గట్టి పలకయగును. ఆ పలకను ఆవిరిపట్టి కొయ్య అచ్చుపై సాగదీసి టోపీ చేయుదురు. 1865లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ స్టెట్సన్ ప్రారంభించిన వెడల్పు అంచుల టోపీ ఈ జాతిదే. కుందేటి బొచ్చు త్వరగా చిక్కుకొనుటకై ఒకప్పుడు పాదరసపు లవణమును పూసెడివారు. ఆ పని చేసినవారికి చేతులు వణకుట, మతి చలించుట సంభవించెడిది. అమెరికాలో 1941లో ఆ పద్ధతిని మాన్పించిరి. మన కురుమల గొంగళికిని ఉన్నియే ఆధారము. అయితే దానిని మగ్గముపై నేసి, చింతగింజల గంజి పెట్టుదురు. వానలో ముసుగుగా మడిచి తలపై వేసికొనుట తెలంగాణ గొల్లకాపరులు ఎరిగినదే. ఫెల్టుకు ఆకారము అచ్చు వలన వచ్చును, గొంగళికి మడత వలన వచ్చును, గిడుగునకు లెక్క వలన వచ్చును.

పెదబయలు గిడుగునకు ఇట్టి అల్లికలు రెండు కావలెను: లోపలిదొకటి, పైదొకటి. నడుమ అడ్డాకులు పరచుదురు. పచ్చి ఆకు ఎండినపుడు కుంచించుకొని సందులు పడును గనుక ముందుగా నీడను వాడ్చి, బరువు క్రింద అణచి ఉంచుదురు. పరచునపుడు అంచునుండి మొదలిడి నడినెత్తి వరకు రావలెను; పై ఆకు క్రింది ఆకును కప్పవలెను. ఇల్లు కప్పువాడు పెంకును పరచు క్రమమే ఇది. తిరుగవేసినచో ప్రతి సందునందును నీరు లోనికి దిగును. పిమ్మట పై అల్లికను దించి, రెండింటి అంచులను సన్నని వెదురు చుట్టుతో చేర్చి అడ్డనారతో బిగించుదురు. లోపల తలకు సరిపడు చిన్న చుట్టు కుదుర్చుదురు. ఆ చుట్టు వలననే తలకును కప్పునకును నడుమ గాలి ఆడును. పరదా కప్పుకొన్న మనిషి వానలో తడవకున్నను తన చెమటలో తాను తడియును. గిడుగు క్రింద ఆ బాధ లేదు.

అట్లని పరదాను నిందించుట న్యాయము కాదు. అది చవుక, తేలిక, మడిచి సంచిలో పెట్టుకొనవచ్చును. గిడుగు చేయుటకు దినములు పట్టును. ఆ దినముల కూలి లెక్కకట్టినచో సంతలో అంత వెల ఎవరిత్తురు? పైగా చాలకాలము రిజర్వు అడవిలో వెదురు నరుకుట అనుమతి లేక సాగెడిది కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయముగా గుర్తించి, దానిపై గిరిజనులకు హక్కు చెప్పినది. 2017లో చేసిన సవరణ వలన అడవి కాని నేలలో పెంచిన వెదురు చట్టము దృష్టిలో చెట్టు కాకపోయినది. బొంగు దొరకుట ఇట్లు కొంత సులువైనది గాని, అయిదు బద్దల కన్ను కట్టు చేయి చట్టముతో వచ్చునది కాదు. తల్లి ప్రక్కన కూర్చుండి బద్దలందించిన పిల్లకే అది అబ్బును. ఆ పిల్ల ఇప్పుడు హాస్టలులో చదువుకొనుచున్నది; చదువుకొనవలసినదే. సెలవులలో ఇంటికి వచ్చినపుడైన ఒక గిడుగు అల్లి చూచునా అన్నది మాకు తోచిన ప్రశ్న.

మైదానమున ఉన్న శ్రోతలు ప్రయత్నింపదలచినచో అడ్డాకునకు మారుగా తాటాకును వాడవచ్చును. మేదరివారి యొద్ద సన్నని బద్దలు చీల్పించుకొని, ముందు చేటంత నమూనా అల్లి చూడుడు. తల కొలతను కనుబొమలపై నుండి చెవుల మీదుగా దారముతో తీసి, వ్రేలెడు వదులు కలుపవలెను. వానలో వాడిన గిడుగును ఎండలో పెట్టరాదు. ఆకు పెళుసెక్కి చిట్లును. పొయ్యికి ఎగువగా వ్రేలాడదీసినచో పొగకు పురుగు చేరదు. ఆకు చినిగిన చోట గిడుగును పారవేయ పనిలేదు. అంచు కట్టును ఆ వైపున విప్పి, పాత ఆకును లాగి క్రొత్తదానిని జొనిపి, మరల నారతో బిగించిన చాలును.