థైరాయిడ్ మాత్ర ఆపొద్దు... రంజాన్‌లో వేళ మార్చుకుంటే చాలు

థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లకు రంజాన్ దగ్గర పడుతుంటే ఒక ప్రశ్న వస్తుంది. రోజూ పొద్దున పరగడుపున వేసుకునే మాత్రను రోజాలో ఎప్పుడు వేసుకోవాలి? జవాబు దొరక్క కొందరు నెలంతా మానేస్తారు. మరికొందరు సహరీ తిండితో పాటే మింగేస్తారు. రెండూ సరికాదు. రోజా ఉంటూనే మాత్ర సరిగ్గా వేసుకునే దారులున్నాయి. అవి అర్థం కావాలంటే ముందు ఈ మాత్ర చేసే పనేమిటో తెలియాలి.

అసలు జబ్బు ఏమిటి?

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. ఒంట్లో ప్రతి పని ఎంత వేగంగా జరగాలో నిర్ణయించే హార్మోన్‌ను ఇది తయారుచేస్తుంది. అది తక్కువైతే అన్నీ మందగిస్తాయి. అలసట, మలబద్ధకం, చలికి ఓర్చుకోలేకపోవడం, జుట్టు ఊడటం, చర్మం పొడిబారడం, నెలసరి తప్పడం, బరువు పెరగడం కనిపిస్తాయి. ఇంటి పనితో నీరసమనో, బీడీలు చుట్టి ఒళ్లు పట్టేసిందనో అనుకుని ఆడవాళ్లు ఏళ్ల తరబడి పట్టించుకోరు.

రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే థైరాయిడ్ ఎక్కువైందని చాలామంది పొరబడతారు. నిజానికి టీఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే హుకుం లాంటిది. హార్మోన్ చాలనప్పుడు హుకుం గట్టిగా వస్తుంది. అంటే చాలావరకు టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ తగ్గిందన్నమాట.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. హైదరాబాద్ సహా 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి ఈ లోపం కనిపించింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో చాలా ఎక్కువ.

ఉప్పు మారిస్తే పోతుందా?

ఆదిలాబాద్ ఏజెన్సీ గ్రామాల్లో ఒకప్పుడు మెడ దగ్గర పెద్ద వాపుతో, అంటే గాయిటర్‌తో ఎంతోమంది కనిపించేవారు. దానికి ముఖ్య కారణం అయోడిన్ కొరత. దేశంలో 1962లో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది, ఆ తర్వాత అయోడిన్ ఉప్పు ఇంటింటికీ చేరింది. ఇప్పుడు పట్టణాల్లో పెద్దవాళ్లకు వచ్చే థైరాయిడ్ లోపానికి ఎక్కువగా కారణం వేరు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే గ్రంథి మీద దాడి చేస్తుంది. దీన్ని హషిమోటో జబ్బు అంటారు. అలా దెబ్బతిన్న గ్రంథిని ఉప్పు బాగుచేయలేదు. కలోంజీ తినేవాళ్లు తినొచ్చు గానీ మాత్రకు బదులుగా కాదు, మాత్ర వేసుకున్న వేళలోనూ కాదు.

మాత్రలో ఏముంది?

1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టర్ గొర్రె థైరాయిడ్ రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఒక మహిళకు చికిత్స చేశారు. ఆమె మరో 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు ఆ అవసరం లేదు. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ లాంటి పేర్లతో ఇక్కడ దొరికే మాత్రల్లో ఉండేది లెవోథైరాక్సిన్. జంతువుల నుంచి తీసింది కాదు, ల్యాబ్‌లో తయారుచేసిన హార్మోన్. అమెరికాలో మాత్రం పంది థైరాయిడ్‌తో చేసే మందు ఇప్పటికీ అమ్ముతున్నారు. అక్కడి బంధువులు మందు పంపితే పేరు, అందులో ఏముందో చూసుకోవాలి.

మన ఒంట్లో తయారయ్యే హార్మోన్‌కు, ఈ మందుకు తేడా లేదు. ఇది జబ్బును తీసేయదు, తగ్గిన హార్మోన్‌ను పూరిస్తుంది. అందుకే “రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇంక ఆపేద్దాం” అనుకోవడం పెద్ద పొరపాటు. రిపోర్టు నార్మల్ వచ్చిందంటే మాత్ర పని చేస్తోందని అర్థం.

ఇంకో చిక్కు ఉంది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది. అందుకే మానేసిన మర్నాడు ఏమీ తెలియదు. మాత్ర లేకుండానే బాగున్నామనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ పాత బాధలన్నీ తిరిగొస్తాయి. అరుదుగానైనా, చాలాకాలం ఆపేసిన వాళ్లు స్పృహ తప్పి ప్రాణాల మీదికి తెచ్చుకున్న సందర్భాలూ ఉంటాయి.

పరగడుపున ఎందుకు?

కడుపులో తిండి ఉంటే మందు పూర్తిగా ఒంటికి పట్టదు. పొద్దున మామూలు నీళ్లతో వేసుకుని 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే చాయ్, పాలు, నాష్తా. ఐరన్, కాల్షియం మాత్రలకు, దీనికి మధ్య 4 గంటల ఎడం ఉండాలి. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రోజూ వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి. డోసు పెరుగుతూ పోతున్నా టీఎస్‌హెచ్ దిగకపోతే ముందు చూడాల్సింది మాత్ర ఏ వేళకు, దేనితో వేసుకుంటున్నారన్నదే.

రంజాన్‌లో మూడు వేళలు

సహరీకి ముందు: నిద్ర లేవగానే నీళ్లతో మాత్ర వేసుకుని, కనీసం అరగంట తర్వాత తినాలి. సహరీ వండే వాళ్లకు ఇది తేలిక. లేవగానే మాత్ర వేసుకుంటే, వంట అయ్యేలోపు ఆ సమయం గడిచిపోతుంది.

పడుకునే ముందు: రాత్రి భోజనం అయి 3 గంటలు దాటాక వేసుకోవచ్చు. తరావీహ్ తర్వాత మళ్లీ తినే అలవాటున్న వాళ్లకు ఇది కుదరదు.

ఇఫ్తార్‌లో: మగ్రిబ్ అజాన్ కాగానే నీళ్లతో రోజా విప్పి మాత్ర వేసుకుని, నమాజ్ చదువుకుని, అరగంట దాటాక తినాలి. ఖర్జూరం, హలీం ఎదురుగా పెట్టుకుని రోజూ ఆగడం అందరివల్లా కాదు కాబట్టి ఇది చివరి దారి.

మూడింటిలో ఏది ఎంచుకున్నా నెలంతా అదే పాటించాలి. ఈద్ తర్వాత మళ్లీ పాత వేళకు మారొచ్చు. కొన్ని అధ్యయనాల్లో రంజాన్ ముగిశాక టీఎస్‌హెచ్ కాస్త పెరిగినట్టు తేలింది. అందుకే ఈద్ తర్వాత ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒక పూట మరిచిపోతే కంగారు వద్దు, డాక్టర్ చెప్పకుండా రెట్టింపు వేసుకోవద్దు.

గర్భిణులు ఆలస్యం చేయొద్దు

కడుపులో బిడ్డ మొదటి మూడు నెలలు దాదాపు పూర్తిగా తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. బిడ్డ మెదడు ఎదిగేది దానితోనే. అందుకే ఆ సమయంలో తల్లికి మందు ఎక్కువ కావాలి, చాలామందికి డోసు 25 నుంచి 50 శాతం దాకా పెంచాల్సి వస్తుంది. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కు చెప్పాలి. “కడుపుతో ఉన్నప్పుడు మందులు వద్దు” అని పెద్దవాళ్లు అన్నా ఈ మాత్ర ఆపకూడదు. పాలిచ్చేటప్పుడూ దీనితో భయం లేదు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు కూడా మానొద్దు, ఎడం పాటిస్తే చాలు. బిడ్డకు, తనకు ఇబ్బంది అవుతుందనుకుంటే గర్భిణి, పాలిచ్చే తల్లి రోజాను వాయిదా వేసుకునే సడలింపు షరీఅత్‌లో ఉంది. డాక్టర్‌ను, ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవచ్చు.

పరీక్ష, డోసు, నిల్వ

డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చూడాలి. కుదురుకున్నాక 6 నెలలకో, ఏడాదికో ఒకసారి చాలు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు. కరీంనగర్, ఆదిలాబాద్, జగిత్యాల, నిర్మల్‌లలో 2021 జూన్‌లో ప్రారంభమైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాల ద్వారా థైరాయిడ్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ రాస్తే అక్కడే రక్తం తీసుకుంటారు.

బరువు తగ్గాలని సొంతంగా డోసు పెంచడం ప్రమాదం. గుండెదడ వస్తుంది, ఎముకలు పలచబడతాయి. గుండె జబ్బున్న పెద్దవాళ్లకు అందుకే తక్కువ డోసుతో మొదలుపెడతారు. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోవడమూ తగదు.

ఈ మందుకు వేడి, వెలుతురు పడవు. ఎండాకాలంలో కిటికీ పక్కన, వంటింట్లో పొయ్యి దగ్గర పెట్టొద్దు. వచ్చిన సీసాలోనే మూత బిగించి చల్లటి చోట ఉంచాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు డాక్టర్ చీటీ వెంట ఉంచుకుని, మందును చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

రంజాన్‌కు రెండు మూడు వారాల ముందే డాక్టర్‌ను కలిసి, సహరీ ఎప్పుడు తింటారో, రాత్రి ఎప్పుడు పడుకుంటారో చెబితే సరైన వేళ ఆయనే సూచిస్తారు. ఇంట్లో అమ్మీకో, నానీకో ఈ మాత్ర ఉంటే, సహరీకి లేపేటప్పుడు ముందుగా ఒక గ్లాసు నీళ్లు, మాత్ర అందించే బాధ్యత పిల్లలు తీసుకోవచ్చు.